లాయర్ లేకుండా జైల్లోంచి మా తమ్ముడు వేసిన కేసు నిలబడుతుందా?

పల్నాటి_ఆడపడుచు:
రాష్ట్రం పేరు, జైలు పేరు చెప్పను, దయచేసి అడగొద్దు. మా చిన్నాన్న కొడుకు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాడు. ఒక రాత్రి తాగి కారు నడిపాడు. ఎదురు కారులో ఒకాయన చనిపోయాడు. తొమ్మిదేళ్ళ శిక్ష పడింది. తప్పు వాడిదే, అందులో మాకు రెండో మాట లేదు. నేను అడిగేది వేరే సంగతి.

వాడికి పన్నెండో ఏట నుంచి షుగర్, టైప్ వన్. ఇన్సులిన్ లేకపోతే బతకడు. నిరుడు ఇంకో జైలుకు మార్చారు. అప్పటి నుంచి సూది వేళకు ఇవ్వడం లేదు. ఒకోసారి అన్నం తిన్న మూడు గంటలకు, ఒకోసారి అసలు లేదు. రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయాడు. కాలికి పుండు పడింది. చూడమని చీటీల మీద చీటీలు రాశాడు. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది.

పదకొండు మంది లాయర్లకు ఫోన్ చేశాను. తొమ్మిది మంది తిరిగి పలకలేదు. ఒకావిడ మాత్రం, "కేసులో బలం ఉంది కానీ నాకు గిట్టుబాటు కాదు" అని ఉన్నమాట చెప్పింది. దాంతో వాడే ఫారం తెప్పించుకుని, చేత్తో 23 పేజీలు రాసి ఫెడరల్ కోర్టుకు పంపాడు. ఇప్పుడు కోర్టు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఫీజు 350 డాలర్లు వాడి ఖాతాలోంచి కొంచెం కొంచెంగా కోస్తారట. ఫిర్యాదును 30 రోజుల్లో సరిచేసి మళ్ళీ పంపమని జడ్జి ఆర్డరట.

ఖైదీ చేత్తో రాసింది కోర్టులో ఎవరైనా చదువుతారా? జైలు వాళ్ళు కక్ష కడతారా? బయట ఉండి మేమేం చేయాలి? నరసరావుపేటలో మా పిన్ని రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు.

గోదారిగట్టు:
చదువుతారమ్మా. 1962లో ఫ్లోరిడా జైల్లోంచి క్లారెన్స్ గిడియన్ అనే బీదవాడు జైలు కాగితం మీద పెన్సిల్‌తో రాసి సుప్రీంకోర్టుకు పంపాడు. నాకు లాయర్‌ని ఇవ్వకుండా విచారణ చేశారు, ఇది అన్యాయం అని. మరుసటి ఏడాది ఆ కోర్టు దేశమంతటికీ వర్తించే తీర్పు ఇచ్చింది. మళ్ళీ విచారణ జరిగితే ఆయన నిర్దోషిగా బయటికొచ్చాడు. పెన్సిల్ రాత అని పక్కన పడేయలేదు.

సిరి_ఆస్టిన్:
గోదారిగట్టు గారూ, గిడియన్ కథ నాకూ ఇష్టమే. కానీ అది క్రిమినల్ కేసు. శిక్ష వేయడానికి నడిపే కేసులో డబ్బు లేనివాడికి ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వాలి. ఈ తమ్ముడిది సివిల్ కేసు, జైలు వాళ్ళ మీద వేసింది. అందులో లాయర్ హక్కుగా రాడు. జడ్జి ఎవరినైనా "దయచేసి ఈ కేసు చూడండి" అని అడగగలరు, బలవంతం చేయలేరు. అందుకే ఇన్ని వేల మంది సొంతంగా వేస్తారు. ఇక్కడ దాన్ని "ప్రో సే" అంటారు.

పాత_క్లర్కు:
లా చదివాక రెండేళ్ళు ఒక ఫెడరల్ జడ్జి దగ్గర క్లర్కుగా చేశాను. నా బల్ల మీదికి వచ్చేవాటిలో సగానికి సగం ఇవే. పసుపు కాగితాలు, జైలు ముద్ర ఉన్న కవర్లు, అంచుల దాకా కుక్కి రాసిన అక్షరాలు. కొందరికి బాల్ పెన్ను కూడా ఇవ్వరు, లోపలి రీఫిల్ మాత్రమే ఇస్తారు. దాంతో రాసినవీ చదివాను. ప్రతి పేజీ చదివాం. అది మా ఉద్యోగం.

అక్కా, ముందు ఆ ఆర్డర్ గురించి కంగారు పడకండి. ఖైదీ ప్రభుత్వ ఉద్యోగుల మీద కేసు వేస్తే, అవతలి వాళ్ళకు సమన్లు వెళ్ళకముందే జడ్జి చదివి జల్లెడ పట్టాలని చట్టం. ఏమీ లేని కేసును అక్కడికక్కడే కొట్టేస్తారు. "సరిచేసి పంపు" అన్నారంటే లోపల ఏదో ఉందని జడ్జికి అనిపించింది. లాయర్ లేనివాడి రాతను లాయర్ రాతతో సమానంగా తూచకూడదు, ఉదారంగా చదవాలి అని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది, హెయిన్స్ వర్సెస్ కెర్నర్ కేసులో. అదీ ఒక ఖైదీ వేసిందే. 66 ఏళ్ళ ముసలాయన.

మీ తమ్ముడు వాడే చట్టం 1871 నాటిది. కూ క్లక్స్ క్లాన్ ఆగడాల కాలంలో వచ్చింది, ఇప్పుడు సెక్షన్ 1983 అంటారు. దాని కింద రాష్ట్రాన్ని గానీ జైలును గానీ నష్టపరిహారానికి పట్టుకోలేం. మనుషుల్ని పట్టుకోవాలి. ఏ నర్సు, ఏ ఆఫీసరు, ఏ తేదీన, ఏం తెలిసి ఏం చేయలేదు. పేరు తెలియకపోతే "రాత్రి షిఫ్టు నర్సు, పొడగరి" అని రాసినా మొదట్లో సరిపోతుంది. పై అధికారి కాబట్టి బాధ్యుడు అంటే కుదరదు, ఆయనకు స్వయంగా తెలుసని చూపించాలి.

ఇంకొకటి. సరిచేసిన ఫిర్యాదు పాతదాన్ని పూర్తిగా తుడిచేస్తుంది. "మొదటిదానిలో రాశాను కదా" అని వదిలేసినవాళ్ళ కేసులు నా కళ్ళ ముందే పోయాయి. అన్నీ మళ్ళీ రాయాలి. 23 పేజీలు వద్దు, పది చాలు.

మూడోకన్ను:
ఎవరికైనా కోపం వస్తే రానీయండి. చనిపోయినాయన ఇంట్లో వాళ్ళు ఏ కోర్టుకెళ్ళి అడగాలి? జైలంటే అత్తారిల్లా? ఖైదీలకు ఖాళీ ఎక్కువ. సినిమా చూపించలేదని, వేరుశనగ వెన్న పలుకులది కాకుండా మెత్తది ఇచ్చారని కేసులు వేస్తారట. అవన్నీ మన పన్నుల డబ్బుతో చదవాలా?

పల్నాటి_ఆడపడుచు:
మీ మాట నాకు గుచ్చుకున్నా తప్పనను. ఆయన భార్యకు నేను ఉత్తరం రాశాను, జవాబు రాలేదు, రావాలని కూడా కోరుకోను. శిక్ష తొమ్మిదేళ్ళు వేశారు. కాలి వేలు తీసేయమని ఏ జడ్జీ రాయలేదు.

సిరి_ఆస్టిన్:
ఆ వేరుశనగ వెన్న సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాన్ని చూపించే 1996లో ఖైదీల కేసులను కట్టడి చేసే చట్టం తెచ్చారు.

కొందరు రాష్ట్ర అటార్నీ జనరళ్ళు "పనికిమాలిన కేసుల జాబితా" అని ఒకటి తిప్పారు. అందులో ఇది తలమానికం. జాన్ న్యూమన్ అనే అప్పీళ్ళ కోర్టు జడ్జి ఆ కేసు ఫైలు తెప్పించి చూశారు. అసలు జరిగింది ఏంటంటే, ఖైదీ క్యాంటీన్‌లో పలుకుల వెన్న తన డబ్బుతో కొన్నాడు. వేరేది వచ్చింది. వెనక్కి ఇచ్చాడు. మార్చి ఇచ్చేలోగా వాడిని ఇంకో జైలుకు పంపారు. సరుకూ రాలేదు, కోసుకున్న రెండున్నర డాలర్లూ రాలేదు. ఆ డబ్బు అడిగాడు. రోజుకు కొన్ని సెంట్లు కూలి వచ్చే చోట రెండున్నర డాలర్లంటే ఎన్ని రోజుల పనో లెక్కేసుకోండి. న్యూమన్ ఇదంతా 1996లోనే అచ్చులో పెట్టారు. కానీ అప్పటికే కథ ఊరంతా పాకిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత మన తెలుగు వేదిక దాకా వచ్చింది చూడండి.

మూడోకన్ను:
ఇది నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. అయినా ఎక్కువ కేసులు కొట్టేస్తారన్నది నిజమే కదా?

పాత_క్లర్కు:
నిజమే. చాలావాటిలో పస ఉండదు, నేనే చదివాను. కానీ పస ఉండి కూడా పోయేవి ఎన్నో. తేదీ తప్పి, ఫారం తప్పి. గాయపడినవాడు ఒకడు, చదువు రానివాడు ఒకడు, పిచ్చి మందుల మత్తులో ఉన్నవాడు ఒకడు. వాళ్ళే వాదించుకోవాలి.

కాల్వగట్టు_సూరి:
క్లర్కు గారూ, చెయ్యి తిరిగిన రాతలు కూడా వచ్చేవా? మా హెడ్మాస్టారు చూస్తే మెచ్చుకునేవి?

పాత_క్లర్కు:
వచ్చేవి. ఒకాయనది ముత్యాల కోవ. ఆయన పక్క సెల్లుల వాళ్ళందరికీ రాసిపెట్టేవాడు. అక్షరాలు చూసి మేం గుర్తుపట్టేవాళ్ళం, "మన పెద్దమనిషి మళ్ళీ ఎవరికో రాశాడు" అని.

ఓరుగల్లు_రవి:
అలా వేరేవాళ్ళకు రాసిపెట్టడం నేరం కాదా? లైసెన్సు లేకుండా వకాల్తా అవుతుందేమో?

సిరి_ఆస్టిన్:
ఒకప్పుడు శిక్షించేవారు. టెనెసీలో అలా రాసిపెట్టినందుకే ఒకణ్ణి ఒంటరి సెల్లులో వేశారు. 1969లో జాన్సన్ వర్సెస్ ఏవరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: మీరు వేరే సాయం ఏదీ ఇవ్వనప్పుడు తోటి ఖైదీ సాయాన్ని ఆపకూడదు అని. ఇలా రాసిపెట్టేవాళ్ళను ఇక్కడ "జైల్‌హౌస్ లాయర్లు" అంటారు.

మా టెక్సస్ చరిత్రలో డేవిడ్ రూయీస్ అనే ఖైదీ ఉన్నాడు. 1972లో చేత్తో రాసి ఒక ఫిర్యాదు వేశాడు. కిక్కిరిసిన సెల్లులు, వైద్యం లేకపోవడం, జైలు వాళ్ళే కొందరు ఖైదీలకు పెత్తనం ఇచ్చి మిగతావాళ్ళను కొట్టించడం. జడ్జి విలియం వేన్ జస్టిస్ దానికి ఇంకొన్ని కలిపి లాయర్లను పెట్టించారు. 159 రోజుల విచారణ, 349 మంది సాక్షులు. 1980లో తీర్పు. రాష్ట్రంలో ప్రతి జైలూ మారింది. కేసు ముగిసింది మాత్రం 2002లో. రూయీస్ 2005లో ఖైదీగానే పోయాడు. ఆయన మంచివాడని నేను అనడం లేదు, దొంగతనాలు చేసినవాడే. కానీ ఆయన రాసింది నిజం.

నర్సమ్మ_ఒహాయో:
ఆడపడుచు గారూ, నేను ఆరేళ్ళు ఒక జైలు ఆసుపత్రిలో పనిచేశాను. ఏ ఊరో చెప్పను. కాసేపు మీ తమ్ముడి కేసు నా కళ్ళతో చూడనివ్వండి.

జైల్లో ఇన్సులిన్ ఎలా ఇస్తారంటే, తెల్లవారుజామున మూడున్నరకో నాలుగుకో వరసగా నిలబెడతారు. వేలు గుచ్చి చూడాలి, సూది వేయాలి, వెంటనే తిండి పెట్టాలి. నర్సులేమో ఇద్దరు, వరసలో అరవై మంది. ఆ రోజు లాక్‌డౌన్ అయితే వరస లేదు. సూది వేశాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, మనిషి పడిపోతాడు. సూది వేయకపోతే పైకి పోతుంది, పుండ్లు మానవు. మీ తమ్ముడికి రెండూ జరిగాయి.

కానీ ప్రతి డోసుకూ ఒక పట్టిక ఉంటుంది. తేదీ, వేళ, షుగర్ ఎంత, ఎన్ని యూనిట్లు, ఇచ్చిన నర్సు పొట్టి సంతకం. ఇవ్వకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా "ఖైదీ వద్దన్నాడు" అని రాసి ఉంటుంది. అలా రాస్తే ఖైదీ సంతకం ఉన్న కాగితం ఉండాలి. ఆ కాగితం లేకుండా "వద్దన్నాడు" అని పదిహేను గడులు ఉంటే, అదే మీ కేసు. ఆ పట్టికలన్నీ కావాలని మీ తమ్ముడు రాతపూర్వకంగా అడగాలి. తన వైద్య రికార్డు మీకు చూపించవచ్చని అనుమతి ఫారం కూడా సంతకం చేయాలి.

నేను పనిచేసిన చోట చెడ్డ నర్సులు తక్కువ. అలసిపోయిన నర్సులు ఎక్కువ. అది సాకు కాదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

పల్నాటి_ఆడపడుచు:
అక్కా, ఏడుపొచ్చింది చదువుతుంటే. "వద్దన్నాడు" అని రాస్తున్నారని వాడు ఫోన్లో చెప్పాడు, నాకు అర్థం కాలేదు అప్పుడు. ఇంకో డౌటు. ఆ నర్సులు ప్రభుత్వ ఉద్యోగులు కారట, కంపెనీ వాళ్ళట. కేసు వేయొచ్చా?

పాత_క్లర్కు:
వేయొచ్చు. 1988లో వెస్ట్ వర్సెస్ అట్కిన్స్. కాంట్రాక్టు డాక్టరైనా సరే, ఖైదీకి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళే దారి లేదు కాబట్టి ఆయన పని ప్రభుత్వం పనే.

వైద్యం కేసులకు మూలస్తంభం 1976 నాటి గాంబుల్ కేసు. టెక్సస్ జైల్లో లారీ నుంచి పత్తి బేళ్ళు దించుతుంటే ఒక బేలు ఆయన మీద పడింది. 270 కిలోల బరువు. పల్నాడు వాళ్ళు కదా, బేలు బరువు మీకు చెప్పక్కర్లేదు. నడుం నొప్పితో పని చేయలేనంటే శిక్షించారు. చేత్తో రాసి కేసు వేశాడు. ఖైదీ తీవ్రమైన జబ్బు గురించి తెలిసి కూడా పట్టించుకోకపోతే అది రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్షే అని కోర్టు అంది. ఆ సూత్రం ఇప్పటికీ అన్ని కోర్టులూ వాడుతున్నాయి.

అయితే గాంబుల్ ఓడిపోయాడు. ఆయన్ను మూడు నెలల్లో 17 సార్లు డాక్టర్లు, నర్సులు చూశారు. చూశారు కాబట్టి ఇది మహా అయితే సరిగా చేయని వైద్యం, రాజ్యాంగ ఉల్లంఘన కాదు అన్నారు. మీ తమ్ముడి విషయంలోనూ అవతలి లాయర్ చెప్పేది ఇదే: "మేం చూశాం, కాస్త ఆలస్యమైంది". పొరపాటు అని వాళ్ళంటారు. తెలిసీ వదిలేశారు అని మీ తమ్ముడు చూపించాలి. ఆయన రాసిన ప్రతి చీటీ "తెలుసు" అనడానికి సాక్ష్యం.

సిరి_ఆస్టిన్:
అందరం ఒక పెద్ద విషయం మర్చిపోతున్నాం. గ్రీవెన్స్! కోర్టుకు వెళ్ళేముందు జైలు లోపలి ఫిర్యాదు మెట్లన్నీ ఎక్కాడా? 1996 చట్టం ప్రకారం అది తప్పనిసరి. ఉదాహరణకు మా టెక్సస్ రాష్ట్ర జైళ్ళలో సంఘటన జరిగిన 15 రోజుల్లో మొదటి ఫారం, దానికి జవాబు వచ్చిన 15 రోజుల్లో రెండోది. మీ రాష్ట్రంలో లెక్క వేరుగా ఉంటుంది. ఒక రోజు దాటినా కేసు కొట్టేయొచ్చని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. వేలు పోయిందా, ప్రాణం పోయిందా అని చూడరు. మొదట చూసేది తేదీ.

పల్నాటి_ఆడపడుచు:
గుండె ఆగినంత పనైంది. మొదటి ఫారం ఇచ్చాడు. జవాబు రాలేదు. రెండోది ఇవ్వాల్సిన రోజుల్లో వాడు ఆసుపత్రిలో మంచానికి సంకెళ్ళతో ఉన్నాడు. తిరిగొచ్చాక ఫారం అడిగితే గడువు అయిపోయింది అన్నారట. అయిపోయినట్టేనా?

సిరి_ఆస్టిన్:
కాదు కాదు. టెన్షన్ పెట్టినందుకు క్షమించండి. 2016లో రాస్ వర్సెస్ బ్లేక్ అని ఉంది. మెట్లు ఎక్కాలి, కానీ అందుబాటులో ఉన్న మెట్లే. అధికారులు అడ్డుకున్నా, ఆ దారి ఎవరికీ అర్థం కానంత చిక్కుగా ఉన్నా అది లేనట్టే లెక్క. ఆసుపత్రిలో చేరిన తేదీ, విడుదల తేదీ, తిరిగొచ్చిన రోజే ఫారం అడిగాడన్న మాట, ఎవరిని అడిగాడు, ఏమన్నారు, అన్నీ రాయమనండి. ఇప్పుడైనా ఆలస్యంగా ఒక ఫారం ఇచ్చి, వాళ్ళు తిప్పి పంపితే ఆ కాగితం దాచుకోమనండి.

2025 జూన్‌లో మిషిగన్ ఖైదీ కేసులో ఇంకొకటి వచ్చింది. తన ఫారాలను ఆఫీసరు చించేశాడని ఆ ఖైదీ ఆరోపణ. ఈ గొడవ అసలు కేసుతో ముడిపడి ఉంటే జడ్జి ఒక్కడే తేల్చడానికి లేదు, జ్యూరీ తేల్చాలి అని 5-4తో చెప్పారు.

కడపోడు:
ఆ 350 డాలర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. బీదవాడికి ఫీజు మాఫీ ఉండదా?

పాత_క్లర్కు:
బయటివాడికి ఉంటుంది. ఖైదీకి వాయిదాలే, మాఫీ లేదు. అది కూడా 1996 చట్టమే. మొదట గత ఆరు నెలల లెక్క చూసి కొంత కోస్తారు. తర్వాత ప్రతి నెలా ఖాతాలోకి వచ్చిన దాంట్లో 20 శాతం. ఓడిపోయినా కోత ఆగదు. ఇంటి నుంచి పంపే డబ్బూ ఆ లెక్కలోకే వస్తుంది.

పల్నాటి_ఆడపడుచు:
ఓహో. పిన్ని పేరున నేను నెలకు వంద వేస్తుంటే 80 అందుతోంది అని వాడు అన్నది ఇందుకా. మేం క్యాంటీన్ వాళ్ళు తింటున్నారనుకున్నాం.

పాత_క్లర్కు:
ఇందుకే. ఇంకో ప్రమాదం, మూడు దెబ్బల నియమం. పనికిరావని మూడు కేసులు కొట్టేస్తే, నాలుగోసారి ఫీజు మొత్తం ముందే కట్టాలి, ఒంటికి తీవ్రమైన హాని ముంచుకొస్తుంటే తప్ప. మళ్ళీ వేసుకోవచ్చు అని కొట్టేసినా అదీ ఒక దెబ్బే అని 2020లో తేల్చారు. కాబట్టి జైల్లో తిండి బాగాలేదని, చలిగా ఉందని వేరే కేసులు ఇప్పుడు వేయొద్దని గట్టిగా చెప్పండి. ఉన్న ఒక్కటీ బలంగా వేయాలి.

గోదారిగట్టు:
లాయరమ్మ "గిట్టుబాటు కాదు" అనడం నాకు ఎక్కలేదు. అమెరికాలో లాయర్లు కాఫీ ఒలికితేనే లక్షలు తెస్తారంటారు కదా?

సిరి_ఆస్టిన్:
ఖైదీ కేసులో గెలిచినా లాయర్ ఫీజుకు పరిమితి ఉంది. ఖైదీకి వచ్చిన పరిహారానికి ఒకటిన్నర రెట్లు దాటి అవతలి వాళ్ళ నుంచి ఇప్పించరు. కీత్ హడ్సన్ అని లూసియానా ఖైదీ. చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళు వేసి గార్డులు కొట్టారు, పళ్ళ సెట్టు పగిలింది. లాయర్ లేకుండా తనే నడుపుకుని గెలిచాడు. వచ్చింది 800 డాలర్లు. పెద్ద గాయం కాకపోయినా కావాలని హింసిస్తే తప్పే అని 1992లో సుప్రీంకోర్టు ఆయన వైపే చెప్పింది. ఇప్పటి చట్టం అప్పుడుంటే లాయర్‌కు దక్కేది ఎక్కువలో ఎక్కువ 1,200. రెండు మూడేళ్ళ పనికి. ఎవరు ముందుకొస్తారు?

ఈ చట్టం వచ్చాక కేసులు ఎలా పడిపోయాయో చూడండి. 1995లో ఫెడరల్ కోర్టుల్లో ఖైదీల హక్కుల కేసులు సుమారు 40 వేలు. 2000 నాటికి 25 వేల దగ్గరకు వచ్చాయి. ఆ ఐదేళ్ళలో ఖైదీలు పెరిగారే గానీ తగ్గలేదు.

ఓరుగల్లు_రవి:
మా ఫ్రెండు ఒకడు 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో పట్టుబడ్డాడు. ప్రభుత్వమే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ, మన తెలుగు పిల్లలు ఎంతమంది పడ్డారో అందరికీ తెలుసు. వాణ్ణి మామూలు కౌంటీ జైల్లోనే పెట్టారు. పంటి నొప్పికి మాత్ర కోసం తొమ్మిది రోజులు అడిగాడు. అలాంటివాళ్ళకు కూడా ఈ కోతలు, మూడు దెబ్బలు ఉంటాయా? అసలు పౌరసత్వం లేనివాళ్ళకు ఈ హక్కు ఉందా?

పాత_క్లర్కు:
రెండు ప్రశ్నలు. ఒకటి, 1996 చట్టంలో ఖైదీ అంటే నేరారోపణ మీదో నేరం రుజువయ్యో లోపల ఉన్నవాడు. వీసా కారణంగా మాత్రమే పట్టుకున్నవాళ్ళు ఆ లెక్కలోకి రారని కోర్టులు చెప్పాయి. అంటే వాళ్ళు మామూలు బీదవాడిలా ఫీజు మాఫీ అడగొచ్చు.

రెండోది ఆడపడుచు గారికీ పనికొస్తుంది. 1871 చట్టంలో ఉన్న మాటే "అమెరికా పౌరుడు గానీ, దాని పరిధిలో ఉన్న వేరే ఏ వ్యక్తి గానీ". మీ తమ్ముడు ఆ వేరే వ్యక్తి. విద్యార్థి వీసా మీద వచ్చాడా, గడువు అయిపోయిందా అని ఈ కేసులో అడగరు.

పల్నాటి_ఆడపడుచు:
ఈ ఒక్క ముక్క పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. "మనం వాళ్ళ దేశం వాళ్ళం కాదుగా, మనల్ని ఎవరు పట్టించుకుంటారు" అని ఆవిడ దిగులు.

ప్లీడరు_బెజవాడ:
ఇక్కడి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర దారి వేరు. ఉరిశిక్ష పడి తీహార్‌లో ఉన్న సునీల్ బాత్రా, పక్క ఖైదీని డబ్బు కోసం వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. తన కోసం కాదు, పక్కవాడి కోసం. ఫారం లేదు, ఫీజు లేదు. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. 1980లో సంకెళ్ళ మీద వచ్చిన తీర్పుకు మూలం ఒక ఖైదీ ఇచ్చిన టెలిగ్రాం. అంతకుముందే 1974లో మన విశాఖ సెంట్రల్ జైలు గోడల మీద కరెంటు తీగలు పెట్టారని నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళితే, జైల్లో పడ్డంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవు అని కోర్టు చెప్పింది.

పైగా కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత లాయర్ చట్టప్రకారం హక్కు, సివిల్ కేసుకైనా సరే. 1987 నాటి న్యాయసేవల చట్టం, సెక్షన్ 12. ఆదాయం ఎంత అని అడగరు. ఇంటి వాళ్ళు 15100కి ఫోన్ చేసినా చాలు.

కడపోడు:
ప్లీడరు గారూ, కాగితం మీద మనది బంగారం. మా మేనమామ పొలం గొడవలో సబ్ జైల్లో ఐదు నెలలు ఉన్నాడు. ఉచిత లాయర్ పేరు రికార్డులో ఉంది, మనిషి ఎలా ఉంటాడో మామ చూడలేదు. ఉత్తరం రాద్దామంటే అది వార్డరు చేతిమీదుగానే పోవాలి. వార్డరు మీద ఫిర్యాదు వార్డరు చేతికే ఎలా ఇస్తాడు? అమెరికాలో కనీసం ఒక ఫారం ఉంది, నంబరు పడుతుంది, జవాబు వస్తుంది.

ప్లీడరు_బెజవాడ:
మీరన్నది కాదనలేను. మరి మీ మామ ఎలా బయటపడ్డారు?

కడపోడు:
న్యాయసేవా సంస్థ కార్యదర్శి, జడ్జిగారే, జైలు చూడటానికి వచ్చారు. వరసలో నిలబెట్టి "ఏమైనా ఇబ్బందులున్నాయా" అని అడిగితే అందరూ లేదన్నారు. మామ బనీనులో దాచుకున్న తెల్లకాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ అక్కడే చదివారు. మూడు వారాల్లో వేరే లాయర్, బెయిలు.

ప్లీడరు_బెజవాడ:
అది మామూలు ధైర్యం కాదు. మీ సీమలోనే కోయిలకుంట్ల సబ్ జైలు కేసు ఉంది. 1977లో ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. బాంబులు వేసి తండ్రిని చంపారు, కొడుకు గాయాలతో బతికి ప్రభుత్వం మీద దావా వేశాడు. 2000లో సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వాల్సిందే అంది. ఖైదీ ప్రాణానికి పూచీ ప్రభుత్వానిదే. 23 ఏళ్ళు పట్టింది, అదే నా బాధ.

కాల్వగట్టు_సూరి:
ఆడపడుచు గారు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. కక్ష కడతారా?

నర్సమ్మ_ఒహాయో:
కడతారు, అందరూ కాదు. సెల్లు తనిఖీ పేరుతో కాగితాలు చెల్లాచెదురు చేస్తారు. అందుకే ప్రతి కాగితం నకలు ఇంటికి పంపించుకోవాలి. ఒకేసారి కాదు, ఏ రోజుది ఆ రోజు.

సిరి_ఆస్టిన్:
కేసు వేశాడని వేధిస్తే అదే ఇంకో హక్కు ఉల్లంఘన, దానికీ గ్రీవెన్స్ ఇవ్వాలి. ముఖ్యంగా ఫోన్లో కేసు గురించి మాట్లాడకండి. అన్నీ రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడినా సరే.

కోర్టు కవరు ఏ రోజు జైలు మెయిల్ చేతికి ఇచ్చాడో రాసి సంతకం చేయమనండి. లాయర్ లేని ఖైదీ విషయంలో ఆ రోజే దాఖలు చేసినట్టు లెక్క అని 1988లో హ్యూస్టన్ వర్సెస్ లాక్ కేసులో చెప్పారు. మెయిల్ గదిలో పది రోజులు పడి ఉంటే అది అతని తప్పు కాదు కదా.

పల్నాటి_ఆడపడుచు:
నేను టైపు చేసి నా పేరున పంపొచ్చా?

పాత_క్లర్కు:
మీ సంతకంతో కుదరదు. మీరు లాయర్ కారు, అతని తరఫున వేయలేరు. టైపు చేసి అతనికి పోస్టు చేయండి. అతను చదివి, మార్చుకుని, సంతకం పెట్టి పంపాలి. టైపే కావాలని లేదు. గడ్డం అర అంగుళం పెంచుకోవడానికి ఆర్కాన్సా ఖైదీ గ్రెగరీ హోల్ట్ చేత్తో రాసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు తీసుకుని, 2015లో తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలూ అతని వైపే తీర్పిచ్చారు.

మూడోకన్ను:
మొదట నేను కటువుగా రాశాను. ఆ చనిపోయినాయన విషయంలో నా మాట మారదు. కానీ సూది వేయకుండా "వద్దన్నాడు" అని రాయడం ఏ శిక్షలోనూ భాగం కాదు. టైపు చేయడానికి సాయం కావాలంటే చెప్పండి. నాకు ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ వచ్చు.

పల్నాటి_ఆడపడుచు:
ఆరు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను.

మూడోకన్ను గారూ, మీరు దిద్దిన తొమ్మిది పేజీలే వాడు చేత్తో తిరగరాసి పంపాడు. ఇరవై ఏడో రోజున మెయిల్ గదిలో ఇచ్చాడు, తేదీ వేసి సంతకం చేశాడు. నిన్న జడ్జి ఆర్డర్ వచ్చింది. ఆరుగురిలో నలుగురిని తీసేశారు. ఒక నర్సు, ఒక షిఫ్టు ఆఫీసరు మీద కేసు ముందుకెళ్ళొచ్చన్నారు. సమన్లు మార్షల్స్, అంటే ఫెడరల్ కోర్టు పనులు చూసే అధికారులు, తీసుకెళతారట. గ్రీవెన్స్ గొడవ ఇంకా తేలలేదు, అవతలి వాళ్ళు దాన్నే పట్టుకుంటారని సిరి గారు చెప్పినట్టే అనుకుంటున్నాం.

సూది ఇప్పుడు వేళకే ఇస్తున్నారట. కేసు వల్లో, ఇంకెందుకో వాడికీ తెలియదు. పిన్ని కాస్త అన్నం తింటోంది.

మందు పట్టికలు రెండు వందల పేజీలు వచ్చాయి. పేజీకి 25 సెంట్లు తీసుకున్నారు. అందులో పొట్టి సంతకాలు, గడుల్లో అంకెలు నాకు ఒక్కటీ అర్థం కావడం లేదు.

నర్సమ్మ_ఒహాయో:
పేర్లు కప్పేసి మొదటి పది పేజీలు నాకు పంపండి. గడి గడికీ ఏముందో కూర్చుని చెబుతాను. వేలు తీసేసిన తేదీకి ముందు రెండు నెలలవి ముందు తీయండి.